జెండా పండగకు హాజరుపట్టీ ఎందుకు?

ప్రశ్న: నేను సైన్యంలో 26 ఏళ్ళు పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ పొందాను. మాది టెక్కలి వైపు ఒక పల్లె. పిల్లల చదువుల కోసం విజయనగరంలో ఇల్లు కట్టుకుని ఇక్కడే స్థిరపడ్డాము. మా కాలనీలో 40 ఇళ్ళున్నాయి. 2022లో ఇంటింటా జెండా ఎగరవేయమని ప్రభుత్వం పిలుపునిచ్చినప్పటి నుంచి ఏటా నా పింఛను డబ్బుతో జెండాలు కొని ఇంటికొకటి ఇస్తున్నాను. పోయిన ఏడాది జెండా కట్టిన ప్రతి ఇంటినీ ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మొత్తం 37 ఫొటోలు వచ్చాయి. మిగతా మూడూ ఎవరివని ఒకరు అడిగారు. ఒకటి ఎవరిదో వేరే చెప్పాలా అని మరొకరు రాశారు. దాని కింద నవ్వు బొమ్మలు పడ్డాయి. ఆ మాట మా వీధి చివర అద్దెకుంటున్న ముస్లిం కుటుంబం గురించి. ఆయన కరెంటు పని చేస్తారు. మా కాలనీలో ఆయన చెయ్యి పడని ఫ్యాను లేదు. జెండా కర్రకు తాడు కట్టడానికి ఏటా నిచ్చెన కూడా వాళ్ళింటి నుంచే వచ్చేది. ఆ రాత్రే ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి నేను ఎదురుపడితే తల దించుకొని పోతున్నారు. గ్రూపు అడ్మిన్‌ను నేనే అయినా ఆ రోజు ఏమీ అనలేదు. కాలేజీలో పాఠాలు చెప్పే మా కోడలు, ఈ జెండాల పంపకమే మనుషులను వేరు చేస్తోందని వాదిస్తోంది. ఈసారి ఆయన చేతే జెండా ఎగరవేయిస్తే సరిపోతుందని కాలనీ కార్యదర్శి అంటున్నారు. దేశాన్ని ప్రేమించి, ఆ ప్రేమను పదిమందికీ కనిపించేలా చూపించడం తప్పా? ఇప్పుడు నేనేం చేయాలి?

సమాధానం:

సుబేదారు గారికి నమస్కారములు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధ కనిపించింది, రెండోసారి మీరు రాయకుండా వదిలేసినది కనిపించింది. జెండా కట్టని ఇళ్ళు మూడని మీరే లెక్క చెప్పారు. వాటిలో ఒక ఇంటి గురించి వారి మతం, వృత్తి, అద్దె, నిచ్చెన, చివరికి గ్రూపులోంచి వెళ్ళిపోయిన వేళతో సహా రాశారు. మిగిలిన రెండు ఇళ్ళవారు ఎవరో, వారెందుకు కట్టలేదో ఒక్క ముక్క కూడా లేదు. ఊరెళ్ళి ఉంటారనో, మేడ ఎక్కలేని పెద్దవాళ్ళనో, మరిచిపోయి ఉంటారనో మీ మనసు వాళ్ళ తరఫున ముందే సర్దిచెప్పుకుంది. అదే సర్దుబాటు వీధి చివరి ఇంటికి దొరకలేదు. గ్రూపులో ఆ మాట రాసినాయనకూ, దాని కింద నవ్వినవారికీ కూడా ఆ రెండు ఇళ్ళు కంటికి ఆనలేదు. ముగ్గురూ చేసిన పని ఒకటే అయినప్పుడు, ఇద్దరిది మతిమరుపుగానూ ఒకరిది మనసులో మాటగానూ తోచిందంటే, ఆ తేడా జెండాలోంచి వచ్చింది కాదు, చూసే కళ్ళలోంచి వచ్చింది. మీరు అడిగిన దానికి నా సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది. కానీ మీరు 26 ఏళ్ళు ఆ జెండా కింద నిలబడినవారు కనుక ఇంత పొట్టి జవాబుతో సరిపెట్టడం మర్యాద కాదు.

ముందుగా, దేశం మీద ప్రేమను నలుగురికీ కనిపించేలా చూపించడం తప్పు కాదు. అది సామాన్యుడికి ఊరికే వచ్చిన అవకాశం కూడా కాదు. రాజ్యాంగ సభ 1947 జూలై 22న ఆమోదించిన జెండాను ఏడాది పొడుగునా ఇంటి మీద ఎగరవేసుకునే వీలు ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు మామూలు పౌరుడికి లేదు, జాతీయ పర్వదినాలకు మాత్రమే ఆ వెసులుబాటు ఉండేది. 2002 జనవరి 26న కొత్త నియమావళి అమలులోకి వచ్చాకనే ఆ కట్టు సడలింది. తన కర్మాగారం మీద జెండా ఎగరనివ్వలేదని నవీన్ జిందాల్ వేసిన దావాలో, గౌరవమర్యాదలతో జెండా ఎగరవేయడం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని 2004 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే జెండా ఎగరవేయడాన్ని కోర్టు పౌరుడి హక్కుగా చూసింది. హక్కు ఉన్నవాడు దానిని వాడుకున్నా వాడుకోకపోయినా అది అతడిదే. ఓటు వేయనివారిని మనం బద్ధకస్తులంటాము గాని పరాయివారు అనము కదా.

(మధ్యలో చిన్న ఫిర్యాదు. మీరు పంచే జెండాలు ఏ గుడ్డవో రాయలేదు. 2021 డిసెంబరు 30న నియమావళిని సవరించి పాలిస్టరుకూ, యంత్రం మీద నేసిన గుడ్డకూ అనుమతి ఇచ్చారు కనుక ఏదైనా చట్టప్రకారం సరైనదే. అయినా, పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, వెంట్రుకలాంటి నూలు వడికే ఆడవాళ్ళున్న ప్రాంతంలో పుట్టి, దేశం పేరుతో పాలిస్టరు కొనడం నాకెందుకో మింగుడు పడదు. పోనీ, అది వేరే ఉత్తరానికి సంగతి.)

చిక్కు మొదలైంది ఫొటోలతో. మీరు 37 ఫొటోలు పెట్టిన క్షణంలోనే మూడు ఖాళీలు కూడా పెట్టినట్టయింది. మీ ఉద్దేశం అది కాదని నమ్ముతాను. కానీ వరసగా ఇళ్ళ బొమ్మలు కనిపించినప్పుడు మనిషి కన్ను లేనివాటినే వెతుకుతుంది. పండగ అక్కడితో హాజరుపట్టీ అయిపోయింది. హాజరుపట్టీ అన్నాక దాన్ని చదివేవాడొకడు, గైర్హాజరయినవాడొకడు తప్పనిసరిగా తయారవుతారు.

ఆ పట్టీ రాసే పని నేనూ ఒకప్పుడు చేశాను కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. శ్రీకాకుళం జిల్లాలో నేను తొమ్మిదో తరగతి చదివిన బడిలో, ఉదయం ప్రార్థన వేళ జనగణమన పాడేటప్పుడు నోరు కదపని పిల్లల పేర్లు రాసి ఇమ్మని డ్రిల్లు మాస్టారు నాకు పురమాయించారు. చీటీ, పెన్సిలు పట్టుకొని వరసల ముందు నిలబడేవాణ్ణి. మా తరగతిలో ఒక కుర్రవాడికి అప్పుడే గొంతు మారుతోంది. నోరు తెరిస్తే ఒక మాట బొంగురుగా, ఒక మాట కీచుగా వచ్చేది. పక్క వరసలో ఆడపిల్లలు నవ్వుతారని వాడు పెదవులు బిగించుకొని, చేతులు తొడలకు ఆనించి, అందరికంటే నిటారుగా నిలబడేవాడు. మూడు రోజులు వరసగా వాడి పేరు రాశాను. నాలుగో రోజు నుంచి వాడు కావాలని ఆలస్యంగా, ప్రార్థన అయిపోయాక, ప్రహరీ పక్క నుంచి రావడం మొదలుపెట్టాడు. ఆలస్యానికి తగిలే బెత్తం దెబ్బే వాడికి నయమనిపించింది. పాట సాగే ఆ 52 సెకన్లలో తల అటూ ఇటూ తిప్పుతూ, నోరు కదపకుండా నిలబడ్డవాణ్ణి నిజానికి నేనొక్కణ్ణే. పట్టీ రాసేవాడి పేరు ఎవరూ రాయరు గనక నా పేరు అందులో ఎక్కలేదు.

మన భాషలో ఇలాంటి లెక్కకు వేరే మాట ఉంది. పాత పత్రికలు తిరగేస్తే రాజభక్తి అనే మాట తరచుగా కనిపిస్తుంది. తెల్లదొరల కాలంలో దర్బారుకు ఎవరు వచ్చారో, చక్రవర్తి పట్టాభిషేకానికి ఎవరు దీపాలు పెట్టించారో, యుద్ధనిధికి ఎవరు ఎంత చందా రాశారో చూసేవారు, బిరుదులిచ్చేటప్పుడు అవన్నీ పనికొచ్చేవి. రాజభక్తిని చూపించి తీరాలి, చూపించకపోతే అది లేనట్టే. దేశభక్తి అలా పుట్టలేదు. మీ టెక్కలికి ఆట్టే దూరం లేని నరసన్నపేట ప్రాంతంలో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాట కట్టి జైలుకు వెళ్ళారు. ఆనాటి పట్టీలో ఆయన ద్రోహుల వైపు ఉన్నారు. ఆ పాట ఊరూరా పాడుకున్న దేశమే ఆయనను 1952లో మద్రాసులో కటిక పేదరికంలో పోనిచ్చింది. ఎవరు దేశానికి అయినవారో ఒకనాటి లెక్కలు ఎంత తప్పుగా రాస్తాయో తెలుసుకోవడానికి మనం జిల్లా దాటి వెళ్ళనక్కరలేదు.

మీరుండే ఊళ్ళోనే గురజాడ ఇల్లు ఉంది. దేశమంటే మట్టి కాదు, మనుషులేనని ఆయన అన్న మాట బడి గోడ మీద, బస్టాండు గోడ మీద, చివరికి పెయింటు కంపెనీల ప్రకటనల పక్కన కూడా చదివి చదివి మనకు అరిగిపోయింది. అదే గేయంలో, నాకు దేశాభిమానం ఉందని వట్టి గొప్పలు చెప్పుకోవద్దని, ఏదైనా ఒక మేలు చేసి జనానికి చూపమని చెప్పిన చరణం ఏ గోడ మీదా నా కంటపడలేదు. ఆయన చూపించవద్దనలేదని గమనించండి, చూపమనే అన్నారు. ఏది చూపాలన్న దగ్గరే మీకూ ఆయనకూ మాట తేడా వస్తుంది. ఆయన లెక్క ప్రకారమైతే, అర్ధరాత్రి పిలిచినా వచ్చి మీ కాలనీలో ఫ్యూజు వేసి వెళ్ళే మనిషి ఏ వరసలో ఉంటాడో మీరే చెప్పండి.

బడిలో మీరూ నేనూ చెయ్యి చాపి చెప్పిన ప్రతిజ్ఞ కూడా మన వైపు పుట్టినదే. 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దానిని తెలుగులోనే రాశారు. తక్కిన భాషలవారు మన నుంచి అనువదించుకున్నారు. భారతదేశం నా మాతృభూమి అన్న వెంటనే, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, భారతీయులందరూ నా సహోదరులు అంటుంది. అందరూ అనే ఆ మాటకు ముందు గాని వెనుక గాని ఏ షరతూ లేదు. జెండా కట్టినవారందరూ అనీ లేదు.

పాడనివారి సంగతిని మన న్యాయస్థానం కూడా ఒకసారి సూటిగా తేల్చింది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవారు. జాతీయ గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, తమ విశ్వాసం ఒప్పదు కనుక పాడేవారు కాదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. జాతీయ చిహ్నాలను అవమానించకుండా చేసిన 1971 నాటి చట్టం ఇతరులను పాడనివ్వకుండా అడ్డుకోవడాన్నీ, పాడేచోట అల్లరి చేయడాన్నీ శిక్షిస్తుంది గాని మౌనంగా నిలబడడాన్ని కాదు. ఆ తీర్పు రాసిన జస్టిస్ చిన్నపరెడ్డి తెలుగువారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అన్న అర్థంతో ఆయన ముగించారు. ముప్పై ఏళ్ళ తరువాత, 2016 నవంబరు 30న, సినిమాహాళ్ళలో జాతీయ గీతం తప్పనిసరి చేసిన అదే కోర్టు, 2018 జనవరిలో దానిని ఐచ్ఛికం చేసింది. ఆ మధ్యకాలంలో, లేచి నిలబడలేదని వికలాంగులను కూడా పక్క సీట్లవాళ్ళు దబాయించిన సంగతులు పేపర్లలో చదివాము.

మీ కోడలు గారి వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. జెండా చూపించడమే వెలివేయడమంటే, ఆ జెండాను తమదిగా చాటుకోవలసిన అవసరం ఎక్కువగా ఉన్నవారి చేతిలోంచి కూడా దానిని లాగేసినట్టవుతుంది. 2019 చివర్లో పౌరసత్వ చట్ట సవరణను వ్యతిరేకించిన ఊరేగింపుల్లో, మీరు ఈ దేశంవారు కారేమో అన్న మాట పడినవారే మూడు రంగుల జెండా పట్టుకొని రాజ్యాంగ పీఠిక చదివారు. ఆ చట్టం మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. జెండా ఎవరి సొత్తూ కాదని మాత్రం అక్కడ కనిపించింది. ఆమె చెప్పినదానిలో నిజమైన సగం ఏమిటంటే, ఎక్కువమంది ఉన్నవారు చేసే ప్రదర్శన తక్కువమంది ఉన్నవారి గుమ్మం ముందుకు వచ్చేసరికి ప్రశ్నగా మారిపోతుంది. మీ ఇంటి మీద జెండా లేకపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ఆయన ఇంటి మీద ఉన్నా, నిజంగానే కట్టాడా, భయపడి కట్టాడా అని ఆలోచించేవారు ఉంటారు. ఆ తూకంలో ఆయన ఎన్ని జెండాలు వేసినా తక్కెడ సమానం కాదు.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి జాతరలో మూడులాంతర్ల దగ్గర నుంచి కోట దాకా సిరిమాను తిరగడం మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. అంతటి జనంలో ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, వచ్చినవారిలో ఎవరు చెయ్యెత్తి మొక్కారు, ఎవరు జీళ్ళు కొనుక్కుంటూ నిలబడ్డారు అని పైడితల్లి అమ్మవారి పేరున ఎవరైనా లెక్క రాస్తారా? బాబామెట్ట దర్గాకు వెళ్ళి వచ్చిన హిందువును నీ భక్తి ఎటువైపని ఎవరైనా నిలదీస్తారా? ఈ ఊరికి అలవాటు లేని లెక్క దేశం పేరున ఎందుకు మొదలుపెట్టాలి? మీరు పనిచేసిన చోట సర్వధర్మ స్థల్ పేరుతో ఒకే కప్పు కింద అన్ని మతాల ప్రార్థనలూ జరిగేవని, పటాలంలో ఒకరి పండగకు ఒకరు వచ్చి నిలబడడం ఆనవాయితీ అని నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక చేయవలసినది. ఆయన ఇంటికి మీరు ఒక్కరే వెళ్ళండి. ఆగస్టు దాకా ఆగవద్దు, జెండా చేత్తో పట్టుకొని వెళ్ళవద్దు, కార్యదర్శిని వెంటబెట్టుకొని అసలే వెళ్ళవద్దు. అప్పుడు ఎందుకు కట్టలేదని అడగకండి. అద్దె ఇల్లు కనుక మేడ మీద దేనికైనా యజమానిని అడగవలసి వచ్చిందో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగులేదో మనకు అనవసరం. ఏ కారణమూ లేకపోయినా అనవసరమే. మీ మనసు నొచ్చుకొని ఉంటే క్షమించండి అనే మాట వాడకండి, దానిలో తప్పంతా ఎదుటివారి మనసు మీదికి పోతుంది. ఆ ఫొటోలు పెట్టింది నేను, ఆ మాట చూసి కూడా ఊరుకున్నది నేను, అది నా తప్పు అని చెప్పండి. సైన్యంలో ఉన్నప్పుడు మీ కింది జవానును ఎవరైనా అలా అంటే మీరు ఊరుకునేవారు కాదు. ఆయన కాఫీ ఇస్తే తాగండి. తలుపు దగ్గరే మాట్లాడి పంపేస్తే దానికీ సిద్ధపడి వెళ్ళండి. ఏడాదిగా పేరుకున్నది మీ ఒక్క పూట పలకరింపుతో కరగాలని ఆయన మీద బాకీ ఏమీ లేదు.

గ్రూపులో మాట కూడా చెప్పవలసిందే. మాట పడినచోటే అది తిరిగి పడాలి. ఇకపై ఇళ్ళ ఫొటోలు పెట్టబోనని, పోయిన ఏడాది ఒక కుటుంబాన్ని ఉద్దేశించి వచ్చిన మాటను తాను ఆపకపోవడం అడ్మిన్‌గా తన పొరపాటని రెండు ముక్కలు చాలు. ఆ కుటుంబం పేరు రాయవద్దు, వారిని మళ్ళీ చర్చలోకి లాగినట్టవుతుంది. మీరు సుబేదారు కనుక ఎవరూ మిమ్మల్ని దేశద్రోహి అనలేరు. మీ కోడలు గారు ఇదే మాట రాస్తే అంటారు. ఆ వెసులుబాటు మీకున్నందుకే ఈ పని మీ మీద పడింది.

కార్యదర్శి గారి సలహాను మాత్రం సున్నితంగా పక్కన పెట్టండి. ఆయన మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. కానీ ఆ కరెంటు పనాయన చేత జెండా ఎగరవేయించడమంటే అందరి ముందూ నిలబెట్టి ఇంకో పరీక్ష పెట్టడమే. ఆ ఫొటో కూడా గ్రూపులోకి వస్తుంది, చూశారా మా కాలనీ ఎంత గొప్పదో అని అందరూ చప్పట్లు కొట్టుకుంటారు, తాడు లాగిన మనిషి మాత్రం ఆ రోజంతా తన మతానికి ప్రతినిధిగా నిలబడి ఉంటాడు. వంతుల ప్రకారం ఏటా ఒక ఇంటివారు ఎగరవేసే పద్ధతి పెట్టుకుంటే, ఆయన వంతు వచ్చిన ఏడాది ఆయన ఎగరవేస్తారు. అది వేరే సంగతి. జెండాలు పంచాలనుకుంటే పంచండి. ఇంటింటికీ తిరిగి చేతిలో పెట్టకుండా మీ వరండాలో బల్ల మీద ఉంచి, కావలసినవారు తీసుకువెళ్ళవచ్చని చెప్పండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టకండి. మీ ఓపిక ఇంకా మిగిలి ఉంటే, పండగ మర్నాడు వానకు తడిసి, తీగలకు చిక్కుకొని, కాలవలో పడి ఉన్న జెండాలను ఏరి తీసే పనికి కాలనీ పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. పాడైన జెండాను ఎలా సాగనంపాలో నియమావళిలో ఉంది, అది మీకు కంఠతా వచ్చే ఉంటుంది.

నిచ్చెన సంగతి చివరికి ఉంచాను. ఆగస్టు 14 సాయంత్రం, ఏటా అడిగినట్టే, అంతకంటే ఒక్క మాట ఎక్కువ చేర్చకుండా, వాళ్ళింటికి వెళ్ళి నిచ్చెన అడగండి. ఇస్తే పని అయ్యాక మీరే మోసుకెళ్ళి వాళ్ళ గోడకు ఆనించి రండి. ఇవ్వకపోతే టెంటుహౌసులో అద్దెకు దొరుకుతుంది. ఎక్కడి నుంచి తెచ్చారో ఎవరికీ చెప్పకండి.